మోకాటి కొలత

పొద్దున ఆరు గంటలకు మార్కండేయ మగ్గం గుంతలో కాళ్లు పెట్టాడు. పెట్టగానే రోజూ తగిలేవే తగిలాయి. తొక్కుడు చెక్కల మీద పాత చీర పీలికలతో కట్టిన రెండు కట్టె దిమ్మెలు. ఆయన వంగి, పీలికలు పీకి, దిమ్మెలను ఒకదాని వెనక ఒకటి గోడ మూలకు విసిరాడు.

"ఏమ్మే, ఈ మొద్దులు ఈడ పెట్టొద్దని ఎన్నితూర్లు చెప్పల్ల నీకు?"

వంటింట్లో ఉన్న భార్య ఆంజినమ్మ జవాబు చెప్పలేదు. ఇరవై రెండేళ్లుగా ఆమె ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేదు, ఆయనా జవాబు కోసం అడిగింది లేదు. మధ్యాహ్నం మొగుడు భోంచేసి, ఒక కునుకు తీసి, టీ అంగడి దగ్గర కూర్చుని ధర్మవరాన్నంతా తిట్టి రావడానికి పోయినప్పుడు ఆమె అదే మగ్గంలో కూర్చుంటుంది. మూలన పడి ఉన్న దిమ్మెలను ఏరి తెచ్చి మళ్లీ కట్టుకుంటుంది. దీపాలు పెట్టే వేళ దాకా నేస్తుంది. ఆ నేతకు మార్కండేయ పెట్టిన పేరు చేయి సాయం.

ఆ వీధిలో ఆయనంత శుభ్రంగా పట్టు నేసేవాడు లేడన్నది నిజమే. కాకపోతే ఆ నిజాన్ని అందరికన్నా ఎక్కువసార్లు చెప్పింది ఆయనే. మిగతా లోకమంతా ఆయన లెక్కలో చిత్తుకాగితం. మరమగ్గాల వాళ్లు దొంగలు, షావుకార్లు గుడ్డివాళ్లు, చదువుకున్న పిల్లలు దేనికీ పనికిరాని వాళ్లు. ఎప్పుడో గానీ గట్టిగా కురవని వానను కూడా ఆయన వదల్లేదు. రెండేళ్ల కిందట చెరువు నిండి, మరవ పొంగి పారి వీధిలోకి నీళ్లొచ్చి మగ్గం గుంతలన్నీ నిండిపోయినప్పుడు, రావాల్సినప్పుడు రాదు, వస్తే సిగ్గులేకుండా ఇంట్లోకే వస్తుందని మోకాటి లోతు నీళ్లలో నిలబడి మరీ తిట్టాడు.

ఆ నీళ్లకే వీధిలోని ఆరిళ్ల గోడలూ నెర్రెలిచ్చాయి. ఆరూ ఒకే యజమానివి. జూన్ నెలాఖరుకు ఖాళీ చేయండి, పడగొట్టి వేరే కట్టుకుంటానని ఆయన కబురు పెట్టాడు. ఖాళీ చేసి పోవాలంటే ఎక్కడికి పోవాలి? మగ్గం ఉందంటే ఊళ్లో ఎవరూ ఇల్లు ఇవ్వడం లేదు. టైల్స్ పరిచిన ఇళ్లలో గుంత తవ్వనిచ్చే మారాజు ఎవడు?

అప్పుడు మార్కండేయ ఒక్కగానొక్క కూతురు ప్రసూన ముందుకొచ్చింది. ఇళ్లు గీసే చదువు చదివి, మూడేళ్లు బెంగళూరులో పనిచేసి వచ్చిన పిల్ల. రైల్వే గేటు దగ్గర చేనేత సంఘానికి ఉన్న ఖాళీ జాగాలో ఆరు కుటుంబాలకూ సరిపోయేలా ఇళ్లు గీసింది. కింద రోడ్డు వైపు చీరల అంగళ్లు, అంగళ్ల వెనక మగ్గాలు, పైన కాపురాలు. ఇటుకలతో కాదు. ఓడల మీద సరుకు మోసి మోసి పాతబడిపోయిన కంటైనర్లతో. చెన్నై రేవులో మూలన పడి ఉన్న పన్నెండు ఇనుప పెట్టెలు లారీలెక్కి, సోమందేపల్లె దగ్గర హైవే దిగి, కొత్తచెరువు మీదుగా ధర్మవరం చేరాయి.

ఆ రోజు టీ అంగడిలో మార్కండేయకు పండగే. "ఉల్లిగడ్డలు ఎక్స్‌పోర్ట్ చేసే డబ్బాలప్పా అవి. మా పాప నన్ను అందులో పెట్టి యాడికో ఎక్స్‌పోర్ట్ చేస్తాదంట" అన్నాడు. అంగడంతా నవ్వింది. ఆ మాట సాయంత్రానికల్లా వెల్డింగ్ పనిచేసే ఓబిలేష్ నోటి మీదుగా ప్రసూన చెవికి చేరింది. ప్రసూన ఏడ్చే రకం కాదు, తండ్రి నోరే ఆమెకూ వచ్చింది. మా నాయన తాగే టీ చల్లారిపోయేది ఆయన మాటలు వినే అని అంది. ఓబిలేష్ ఆ మాటనూ జాగ్రత్తగా మోసుకెళ్లి అంగడిలో దించాడు. అప్పటినుంచి తండ్రీకూతుళ్లకు సరిగా మాటల్లేవు.

ఆ శుక్రవారం మాత్రం ఆమె తానే వచ్చి మగ్గం పక్కన నిలబడింది. ఇళ్లు తయారయ్యాయని, ఆదివారం పది గంటలకు ఆరు కుటుంబాల వాళ్లూ చూడడానికి వస్తున్నారని చెప్పింది. సోమవారం సంఘం కాగితం మీద ఆరుగురూ సంతకం పెట్టాలి. పెట్టకపోతే పెట్టెలు తీయించి ఆ జాగాను గోడౌనుకు ఇచ్చేస్తామని సంఘం అధ్యక్షుడు తేల్చి చెప్పాడు. అసలు చిక్కు ఎక్కడుందంటే, మిగతా ఐదుగురూ ఒకటే పాట పాడుతున్నారు. మార్కండేయన్న కూర్చుంటే మేమూ కూర్చుంటాం.

"నువ్వు కాదంటే ఎవురూ రారు నాయనా. నాకైతే ఒక పనే పోతాది. వాళ్లకు మగ్గమే పోతాది" అంది ప్రసూన.

మార్కండేయ పడుగులోకి నాడె విసరడం ఆపలేదు. పదింటికి కాదు, పన్నెండింటికి వస్తానన్నాడు. ఎండ నడినెత్తికి వచ్చినప్పుడు ఆ రేకు డబ్బాలో మనుషులు ఎట్లా వేగుతారో అందరూ కళ్లారా చూడాలి కదా.

"సరే. అమ్మను కూడా పిల్చుకోని రా."

"ఆమె ఎందుకు? కండెలు చుట్టేదానికి మగ్గం సంగతి ఏం తెలుసు?"

వంటింటి గడప మీద ఆంజినమ్మ టీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. ఇంకో చేయి నడుం మీద. నాలుగైదేళ్లుగా ఆ చేయి అక్కడి నుంచి కదలడం లేదు. నడుం పట్టేసిందంటే నటన అంటాడని చెప్పడం కూడా మానేసింది. గ్లాసు మొగుడి పక్కన పెట్టి, మూలకు నడిచి, ఒక చేత్తో గోడ పట్టుకుని మెల్లగా వంగి, రెండు దిమ్మెలూ ఏరుకుని లోపలికి పోయింది. ప్రసూన ఆ వంగడాన్ని చూస్తూ ఉండిపోయింది.

మార్కండేయ ధీమాకు ఇంకో కారణం కూడా ఉంది. ధర్మవరంలో మగ్గం గుంత తవ్వాలంటే ఒక పద్ధతి ఉంది. ఆ మగ్గంలో కూర్చోబోయే మనిషిని గట్టు మీద కూర్చోబెట్టి, మోకాలి నుంచి మడమ దాకా దారం పట్టి, దానికి నాలుగు వేళ్లు కలిపి ముడి వేసి పసుపు రాస్తారు. ఆ దారం లోతుకే గుంత. లోతు తప్పితే కాలు చెక్కకు అందదు, అందని కాలును సాచి సాచి తొక్కితే నడుం పోతుంది. రెండు నెలల కిందట ప్రసూన దారం పట్టుకుని ఇంటింటికీ తిరిగింది. ఐదుగురూ కాళ్లు చాపారు. తండ్రి దగ్గరికి వచ్చేసరికి ఆయన పంచె కిందికి లాక్కుని, "నా కాలు నీ డబ్బాకు కొలత ఇచ్చేదానికి పుట్టలే. పోయి యాడన్నా గాడిద కాలు కొలుచుకో" అన్నాడు.

ప్రసూన దారం చుట్టేసుకుని వెళ్లిపోయింది. మళ్లీ అడగలేదు. కొలత లేని గుంతలో మగ్గం ఎట్లా కుదురుతుందో చూద్దామని ఆయన అప్పటినుంచి ఆదివారం కోసమే కాచుకుని ఉన్నాడు. కన్నకూతురు నలుగురిలో తప్పు చేయాలని ఇంత ఓపికగా ఎదురుచూసిన తండ్రిని ఆ ఊరు ఇంకెప్పుడూ చూసి ఉండదు.

ఆదివారం పన్నెండింటికి మార్కండేయ గంజి పెట్టిన తెల్ల పంచె కట్టుకుని, భుజం మీద శాలువా వేసుకుని బయల్దేరాడు. మే నెల ఎండలో శాలువా ఏమిటని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. అది మామూలు శాలువా కాదు. ఎనిమిదేళ్ల కిందట చేనేత పోటీలో ఆయన హంసల అంచు చీరకు మొదటి బహుమతి వచ్చినప్పుడు వేదిక మీద కప్పింది. ఎవరినైనా కించపరచాలనుకున్న రోజున ఆయన దాన్ని తప్పకుండా పెట్టె లోంచి తీస్తాడు. వెనక పది అడుగుల దూరంలో ఆంజినమ్మ నడుం మీద చేయి వేసుకుని వచ్చింది. ఆగి ఆమెను కలుపుకుని నడవాలని ఆయనకు తోచలేదు.

రైల్వే గేటు దగ్గర ఐదు కుటుంబాలూ ముందే వచ్చి ఉన్నాయి. నీళ్లు ఎంత వచ్చినా అందకుండా నాలుగడుగుల ఎత్తున రాతి దిబ్బ కట్టి, మధ్యలో ఎర్రమన్ను నింపి, దాని మీద ఆరు కంటైనర్లు పెట్టారు. వాటి మీద అడ్డంగా ఇంకో ఆరు. మధ్యలో పొడవాటి నీడ సందు. పట్టు పోగులు సాచి సరిచేసుకోవడానికి ఆ సందును వదిలానని, ఇక ఎండలో వీధి మధ్య నిలబడాల్సిన పని లేదని ప్రసూన ఆడవాళ్లకు చెప్తోంది. ఆడవాళ్లు సందులోకి నడిచి చూసి, తమలో తాము ఏదో అనుకుని నవ్వారు.

మార్కండేయ ఎవరినీ పలకరించలేదు. నేరుగా పోయి ఇనుప గోడ మీద అరచేయి పెట్టాడు, చురుక్కుమంటే అందరికీ చూపిద్దామని. చురుక్కుమనలేదు, పైన అడ్డంగా పెట్టిన పెట్టెల నీడ దాని మీద పడుతోంది. లోపలికి వెళ్లాడు. చల్లగా ఉంది. గోడలకు లోపలి వైపు వేరుశనగ పొట్టు అదిమి చేసిన పలకలు, వాటి మీద మట్టి పూత. పైన మిద్దె మీద ఇంకో కప్పు, రెండింటి మధ్య గాలి ఆడే జాగా. వేరుశనగ పొట్టు ఇన్నాళ్లూ పొయ్యిలో పెట్టేవాళ్లం కదమ్మా అని ఎవరో ముసలామె ముక్కు మీద వేలేసుకుంది.

"సల్లగా ఉండాది గదన్నా" అన్నాడు నరసింహప్ప. ఆయన పక్కింటి నేతగాడు. ముప్ఫై ఏళ్లుగా మార్కండేయ ఏది అంటే దానికి తలాడించి బతికిన మనిషి.

"ఇప్పుడు ఉంటాది. మే నెల చివర్లో చూడు."

"ఇది మే నెల చివరే అన్నా."

మార్కండేయ ఆయన వైపు ఒక చూపు చూశాడు. ఆ తర్వాత మార్కండేయ ఇల్లంతా తిరిగి ఒక్కొక్కటే తీసిపారేశాడు. మెట్లు ఇరుకన్నాడు. కిటికీలు రైలు పెట్టె కిటికీల్లా ఉన్నాయన్నాడు. ఒక గోడ మీద పాత కంపెనీ అక్షరాలు చెరిపేయకుండా అట్లాగే వదిలితే, ఎవడో పరాయి దేశపువాడి పేరు కింద తాను కాపురం చేయాలా అని అడిగాడు. ఒక్కో మాటకు జనం మొహాల్లో వెలుగు కొంచెం కొంచెం తగ్గుతూ వచ్చింది. ప్రసూన ఒక్కదానికీ జవాబు చెప్పలేదు. చెప్పకపోవడం కూడా ఆయనకు నచ్చలేదు.

చివరికి మగ్గాల దగ్గరికి వచ్చారు. ఇక్కడ మాత్రం నేతగాళ్లు నిజంగానే నోళ్లు తెరిచారు. కంటైనరు అడుగును చతురస్రంగా కోసి, కింద ఉన్న ఎర్రమన్నులోకి గుంతలు తవ్వించింది ప్రసూన. ఇల్లు ఇనుముదే అయినా నేతగాడి కాళ్లు మట్టిలోనే ఉంటాయి. మట్టి చెమ్మ తగిలితేనే పట్టు పోగు తెగదు. నరసింహప్ప తన గుంతలోకి దిగి కాళ్లు ఆడించి చూశాడు. సరిగ్గా అందాయి. మిగతా నలుగురూ అంతే. ఎవరి గుంత వాళ్లకు అతికినట్టు కుదిరింది.

రోడ్డు వైపు మూల, గాలీ వెలుతురూ బాగా వచ్చే జాగా మార్కండేయది. మగ్గం బిగించి ఉంది, చిన్న పడుగు కూడా ఎక్కించి ఉంది. ఆయన శాలువా సర్దుకుని, అందరూ చుట్టూ చేరే దాకా ఆగి, పీట మీద కూర్చుని కాళ్లు గుంతలో పెట్టాడు.

మోకాళ్లు రెండూ లేచి, చీర చుట్టుకునే కర్రకు టపీమని కొట్టుకున్నాయి.

ఆయన మొహం విచ్చుకుంది. పెళ్లినాడు కూడా అంత సంతోషపడి ఉండడు. మళ్లీ కాళ్లు తీసి, మళ్లీ పెట్టి, అందరికీ కనబడేలా ఇంకోసారి మోకాళ్లు కొట్టుకున్నాడు.

"సూసినారా అప్పా. జానెడు తక్కువ. అందరి గుంతలూ సరిగా తవ్వి సొంత నాయనది తప్పు తవ్వింది. ఐదేండ్లు సదివి గుంత తవ్వడం చేతకానిది, మీకు ఇండ్లు కడతాదంట." లేచి నిలబడి పంచె దులుపుకున్నాడు. "ఈ డబ్బాలో నేను కూచ్చోను. మీ ఇష్టం మీది."

మీ ఇష్టం అన్నాడు గానీ, అక్కడ ఎవరికీ సొంత ఇష్టం లేదని ఆయనకు తెలుసు. నరసింహప్ప తన గుంత వైపు ఒకసారి చూసుకుని, బయటికి నడిచి చెప్పులు వెతుక్కోసాగాడు. ఆయన భార్య కళ్లొత్తుకుంది. నెల తిరిగేసరికి వాళ్ల మగ్గం విప్పి ఎక్కడ పెట్టుకోవాలో వాళ్లకు తెలీదు. ప్రసూన రెండేళ్ల పని ఒక మోకాటి దెబ్బకు కూలిపోతోంది.

"ఆ గుంత నీకు తవ్వలేదు నాయనా" అంది ప్రసూన.

గొంతు పెంచలేదు. అయినా బయటికి పోయేవాళ్లంతా ఆగిపోయారు.

"మరెవురికి తవ్వినావు? గాడిదకా?"

"అమ్మకు."

మార్కండేయ నవ్వాడు. చుట్టూ చూశాడు, తోడు నవ్వుతారేమోనని. ఎవరూ నవ్వలేదు. ఆడదాని కాలికి గుంత తవ్వడం ఎక్కడైనా విన్నారా అని అడిగాడు. ఎవరూ వినలేదు, నిజమే. వీధిలో సగం చీరలు సగం పూట ఆడవాళ్లు నేసినవే. అన్నీ మగవాళ్ల కొలతకు తవ్విన గుంతల్లో కూర్చుని నేసినవే. ఆ మాట అంతవరకూ ఎవరూ పైకి అనుకోలేదు.

ప్రసూన మగ్గం నిట్రాటకు కట్టి ఉన్న పసుపు దారం విప్పి తండ్రి ముందు పట్టింది. ఇక ఆమెకు నోరు ఆగలేదు.

"ఇది అమ్మ కొలత. నీకంటే జానెడు తక్కువ. నువ్వు కాలు ఇయ్యనన్న రోజు అమ్మ మంచం మీద కూచ్చోని తన కాలు చాపింది. ఇరవై రెండేండ్లు ఆమె కాలు అందకుండా నేసింది. ఎట్ల నేసిందో నువ్వు ఒకతూరి అడిగినావా? తిట్టేది తప్ప నీకు ఏమన్నా చేతనవునా? ఆ శాలువా..."

"సాలు పాపా" అంది ఆంజినమ్మ.

జనం పక్కకు జరిగారు. ఆమె నడుం మీద చేయి తీయకుండానే వచ్చి, మగ్గం కర్ర పట్టుకుని పీట మీద కూర్చుంది. కాళ్లు గుంతలోకి వదిలింది. పాదాలు రెండూ చెక్కల మీద ఆనాయి. సాచలేదు, వేళ్లతో వెతకలేదు. ఊరికే ఆనాయి. నాడె తీసుకుని విసిరింది. పోగు బిగిసేలా అచ్చు లాగి కొట్టింది. కుడికాలు, ఎడమకాలు. మళ్లీ నాడె. ఆ చప్పుడు ఇనుప గోడల మధ్య నిదానంగా, ఒకే తీరుగా సాగింది.

మార్కండేయ చూస్తూ నిలబడ్డాడు. ఏదో తేడాగా ఉందని తెలుస్తోంది గానీ ఏమిటో పట్టుబడలేదు. కాసేపటికి పట్టుబడింది. ఆమె వీపు నిటారుగా ఉంది. ఇన్నేళ్లలో మగ్గం ముందు ఆమె వీపు నిటారుగా ఉండటం ఆయన ఎన్నడూ చూడలేదు. ఎప్పుడూ ఒక పక్కకు ఒరిగి, పీట అంచుకు జారి, దేనికోసమో పాకుతున్నట్టు కూర్చునేది. కూర్చోవడం కూడా రాదని ఆయన వెక్కిరించేవాడు. ఆయన కళ్లు గుంతలోకి పోయి తొక్కుడు చెక్కల మీద వెతికాయి.

"దిమ్మెలు యాడ?" అన్నాడు.

"ఈడ వాటితో పని లేదు" అంది ఆంజినమ్మ. నాడె ఆపి, మొదటిసారి ఆయన కళ్లలోకి చూసింది. "నీకు కామెర్లు వచ్చి మంచాన పడినప్పుడు మొదలుపెట్టినా. గుంత లోతు, నా కాలు పొట్టి. దిమ్మెలు కట్టుకుంటేనే అందుతాండ్య. నువ్వు దినామూ ఇసిరేసినావు. ఇసిరేసినప్పుడల్లా వంగి ఏరుకున్యా. ఇప్పుడు వంగలేకుండా ఉండా. అంతే."

ఒక్క ఫిర్యాదు లేదు ఆ గొంతులో. బియ్యం అయిపోయాయి అని చెప్పినట్టే చెప్పింది. కోపంగా చెప్పి ఉంటే మార్కండేయ తట్టుకునేవాడు, ఎదురు తిట్టేవాడు. ఆయనకు తెలిసింది అదొక్కటే.

ఇరవై రెండేళ్ల పొద్దులన్నీ ఒకేసారి వచ్చి మీద పడ్డాయి. పీలిక ముడి విప్పడం, దిమ్మె విసరడం, అది గోడకు తగిలి పడటం. ఆ చప్పుడు తనకెంత హాయిగా ఉండేదో గుర్తొచ్చింది. ఎందుకు కట్టావని ఒక్కసారి, ఒక్క పొద్దున అడిగి ఉంటే సరిపోయేది. ఆ దిమ్మెలను విసరకుండా పక్కన పెట్టినా సరిపోయేది. లేదా పక్కనే ఇంకో గుంత. ఒక పూట పని. ధర్మవరంలో తనంత నేతగాడు లేడని చెప్పుకున్న మనిషి, తన మగ్గంలో కూర్చునే రెండో మనిషికి కాళ్లున్నాయని కూడా చూడలేదు. హంసల అంచు చీర కూడా గుర్తొచ్చింది. ఆ ఏడాది కంటి ఆపరేషన్ అయ్యి తాను రెండు నెలలు మగ్గం ముట్టలేదు. హంసలు ఆగలేదు. ఎవరు నేశారో ఆయనకు తెలుసు. తెలిసే, వేదిక మీద శాలువా కప్పించుకుని కిందికి దిగి, ఆమె ఇచ్చిన మంచినీళ్లు చల్లగా లేవని తిట్టాడు.

ఆయన తనను తాను అసహ్యించుకోవడం అదే మొదలు. ఇన్నాళ్లూ ఊరందరి మీదా ఉమ్మిన మనిషికి ఆ రుచి కొత్త. కళ్లు నిండాయి. దాచుకోవడానికి శాలువా పైకి లాగబోయి ఆగిపోయాడు. దాన్ని భుజం మీంచి తీసి మడత పెట్టాడు. ఒంగి, పీట మీద ఆమె నడుం వెనక ఆసరాగా దోపాడు. అది ఒకసారి జారితే మళ్లీ దోపాడు.

"ఇడువు, ఎండలో దుప్పటి ఏంటికి" అంది ఆంజినమ్మ. అంది గానీ తీయలేదు. ఆమె కళ్ల నుంచి నీళ్లు పడుగు మీద పడబోతే చెంగుతో తుడుచుకుంది, పట్టు పాడవుతుందని.

నరసింహప్ప చెప్పులు విడిచి మళ్లీ లోపలికి వచ్చాడు. మార్కండేయ కూతురి వైపు తిరిగాడు. ఆమె మొహం కాకుండా ఆమె చేతిలోని పసుపు దారాన్నే చూశాడు.

"నేను యాడ కూచ్చోవాల పాపా?"

ప్రసూన వేలు చూపించింది. తల్లి గుంత పక్కనే, ఇనుప నేల మీద సుద్దతో గీసిన చతురస్రం ఉంది. ఇంకా కోయలేదు. ఆయన ఇందాకటి నుంచి దాని మీదే నిలబడి వాళ్లందరినీ తిట్టాడు. సుద్ద గీత ఒక పక్క ఆయన అరికాలి కింద చెరిగిపోయింది.

"నీ కొలత లేక ఆపినా" అంది ప్రసూన. "రాకపోతావా అని."

మార్కండేయ ఆ గీతల మధ్య నేల మీద చతికిలబడ్డాడు. పంచె మోకాలి పైకి లాక్కుని కుడికాలు చాపాడు. నేత నేసి నేసి సన్నబడిపోయిన కాలు. ప్రసూన పక్కన కూర్చుని ఇంకో దారం తీసి మోకాలి దగ్గర పట్టి మడమ దాకా దించింది. నాలుగు వేళ్లు కలిపి ముడి వేయబోయింది గానీ ముడి కనబడలేదు, కళ్లు మసకబారాయి. ఆయన ఆ దారం తన చేతిలోకి తీసుకుని తానే ముడి వేశాడు. చిన్నప్పుడు తెగిన పోగు ఎట్లా ముడి వేయాలో ఆమెకు నేర్పింది ఆయనే. ఆ తర్వాత ఆమె తల మీద చేయి పెట్టి, చాలాసేపు తీయలేదు.

సోమవారం సంఘం కాగితం మీద ఆరు సంతకాలు పడ్డాయి. ఒక్కో పేరు పక్కనే ఇంకో పేరు రాయడానికి జాగా కావాలని మార్కండేయ పట్టుబట్టాడు. ఇద్దరు నేసేచోట ఒక పేరేంటని అధ్యక్షుడితో గొడవపడి, నీకు నేత తెలుసా అని నాలుగు మాటలు అని మరీ రాయించాడు. మనిషి మారాడు గానీ నోరు ఒక్కరోజులో మారదు కదా.

ఓబిలేష్ వచ్చి రెండో గుంతకు ఇనుప నేల కోయడానికి ఇంకో నాలుగు రోజులు పడుతుందన్నాడు. పాత ఇంటి మగ్గం అప్పటికే విప్పి తెచ్చేశారు, ఆ నాలుగు రోజులూ మార్కండేయకు మగ్గం లేదు. టీ అంగడికి పోలేదు. మొదటి రోజు పొద్దున ఆంజినమ్మ పీట మీద కూర్చుని నేస్తుంటే కొంతసేపు అటూ ఇటూ తిరిగాడు. తర్వాత మూలనున్న రాట్నం తెచ్చుకుని ఆమె పక్కన సుద్ద గీతల మధ్య కూర్చుని, పట్టు పోగు తీసి కండె చుట్టడం మొదలుపెట్టాడు. పుట్టి బుద్ధెరిగాక ఆ పని చేయలేదు. దారం రెండుసార్లు తెగింది. ఒకసారి వేలికి చుట్టుకుంది. చివరికి ఎట్లాగో ఒక కండె నిండింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని ఆమెకు అందించాడు.

ఆంజినమ్మ నాడె ఆపి కండెను వేళ్ల మధ్య నొక్కి చూసింది. మొహం చిట్లించింది. అచ్చం ఆయన చిట్లించినట్టే. దాన్ని తిరిగి ఆయన ఒళ్లోకి విసిరింది.

"వదులుగా ఉండాది. మళ్లా చుట్టు."

మార్కండేయ ఒళ్లో పడిన కండెను తీసుకుని, పోగు కొస వెతికి, మళ్లీ మొదటి నుంచి చుట్టాడు.